స్టోన్‌హౌస్‌పేట పాత బార్: కొలత, కూలింగ్, పులుసు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్ల వెనక సందులో ఉన్న ఈ బార్‌కి ఏసీ రూము కోసమైతే వెళ్లొద్దు. రూము ఉంది గానీ చల్లదనం అంతంతమాత్రం. బయటి హాల్లో కౌంటరుకు ఎదురుగా నాలుగు బల్లలున్నాయి. పాతకాపులంతా ఆరున్నరకల్లా వచ్చేది వాటికోసమే.

కౌంటరు కనబడాలనేది ఎందుకంటే, లూజు పెగ్గు అక్కడే పోస్తారు. గల్లా పెట్టె దగ్గర ఎప్పుడూ ఇంటి మనిషే ఉంటాడు, పొద్దున తండ్రి, సాయంత్రం కొడుకు. స్టీలు కొలతకి ఒక పక్క 60 మిల్లీలీటర్లు, అది లార్జు; రెండో పక్క 30, అది స్మాల్. చాలాచోట్ల మోసం కొలతలో ఉండదు, చేతిలో ఉంటుంది. కొలతను కాస్త వంచి పట్టుకుని పోస్తే అంచుదాకా నిండినట్టే కనబడుతుంది గానీ ఏడెనిమిది మిల్లీలీటర్లు తగ్గుతుంది. నాలుగు లార్జులకి ఒక స్మాల్ ఎగిరిపోయినట్టే. ఇక్కడ కొలతను కౌంటరు మీద పెట్టి, నిండాకే ఎత్తుతారు. క్వార్టర్ చెబితే సీలు బల్ల దగ్గరే తీస్తారు, 180కి సరిగ్గా మూడు లార్జులు.

బీరు విషయంలో మాత్రం నోరు తెరిచి అడగాలి. మూత పైకి లేచే పాతకాలపు పెట్టె ఫ్రిజ్ అది. పైవరసలో సీసాలు అప్పుడే సర్దినవి, కూలింగ్ ఉండదు. గోడకు ఆనుకున్నవి గడ్డకట్టే దాకా వస్తాయి, మూత తీయగానే సగం సీసా నురగై బల్ల మీదికి పొంగుతుంది. మధ్యలో రెండో వరసది తెమ్మనాలి. గ్లాసులో నురగ నిలవకుండా వెంటనే చచ్చిపోతే తప్పు బీరుది కాదు, గ్లాసుకు సబ్బో నూనె జిడ్డో మిగిలుంటుంది. మార్చమంటే మొహం మాడ్చుకోకుండా మారుస్తారు.

అసలు సంగతి వంటగదిలో ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా ఇది. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చాక ఈ ఇంటివాళ్లు అదే హాల్లో భోజనం మెస్సు పెట్టారు. 1997లో నిషేధం ఎత్తేశాక బార్ తిరిగొచ్చింది గానీ మెస్సు పొయ్యి ఆరలేదు. అందుకే ఇక్కడ స్టఫ్ అంటే, మందులోకి నంజుకునేదానికి, వేయించిన పల్లీలతో సరిపెట్టరు, చేపల పులుసు ఉంటుంది. పొద్దున పదింటికల్లా మట్టి దాకలో దించి, సాయంత్రందాకా ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచుతారు. ఆ గంటల్లోనే పులుపూ కారమూ ముక్కకు పడతాయి. మామిడికాయ ముక్కలు దించేముందు వేస్తారు, ముందే వేస్తే చితికి పులుసు చిక్కబడిపోతుంది. చేప ముక్క పడ్డాక దాకను గుడ్డతో పట్టుకుని తిప్పడమే. "అన్నా, గరిటె పెట్టబాకండి, ముక్క చెదిరిద్ది" అని వడ్డించే కుర్రాడు కూడా హెచ్చరిస్తాడు. మామిడికాయ దొరకని నెలల్లో ఒట్టి చింతపండు పులుసే, అది ఒక మెట్టు తక్కువ.

వంజరం వేపుడు బాగుంటుంది గానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చెప్పొద్దు. సముద్రంలో వేట నిషేధం ఉండే ఆ 61 రోజులూ దొరికేది చాలావరకు ఐసు సరుకే, వేగాక ముక్క పిప్పిగా ఉంటుంది. అప్పుడు చెరువు బొచ్చె నయం.

బాత్రూము బాగాలేదు, బాగవుతుందన్న ఆశా లేదు. తొమ్మిది దాటాక వచ్చే వేపుళ్లలో ఉప్పు ఎక్కువ, అప్పటికి వంట చూసే ఇంటి పెద్దామె వంటగది వదిలి వెళ్లిపోతుంది కాబట్టి. ఆ వేళకి పులుసూ అయిపోతుంది, ఇక కోడిగుడ్డు పొరటే దిక్కు.

పులుసు కవర్లో కట్టివ్వరు. మధ్యాహ్నమే చెప్పి క్యారేజీ ఇస్తే పోసిపెడతారు. మందు మాటే ఎత్తని ఇళ్ల నుంచి కూడా క్యారేజీలు వస్తాయి, కాకపోతే వెనక గుమ్మం వైపు.