గ్రేడ్ 2 మేలా, గ్రేడ్ 5 మేలా? టైటానియం ఎంపికను తేల్చేది అతుకే

సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి రైలెక్కి గుమ్మిడిపూండి, అంబత్తూరు కార్ఖానాలకు వచ్చి పనిచేసే మన కుర్ర ఇంజనీర్లు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న మార్చి మార్చి అడుగుతున్నారు: "అన్నా, గ్రేడ్ 5 లాంటి బలమైన లోహం దొరుకుతుండగా మీరింకా గ్రేడ్ 2 ఎందుకు రాస్తున్నారు?" ఈ మధ్యనే రాణిపేట వైపు తోళ్ళ పరిశ్రమల ఉప్పునీటిని ఇగిర్చే ఎవాపొరేటర్ ఒకదానికి లోహం ఎంచవలసి వచ్చింది. గొట్టాలకూ, వాటిని పట్టి నిలిపే ట్యూబ్ షీట్‌కూ గ్రేడ్ 2నే ఖాయం చేశాను. ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్కను ఒకచోట పెడితే అడిగేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా బలం సంగతి చూద్దాము. ప్రమాణాల ప్రకారం, వేరే లోహమేదీ కలపని గ్రేడ్ 2 టైటానియం రేకుకు ఉండవలసిన కనీస తన్యత బలం, అంటే లాగినా తెగకుండా నిలిచే బలం, 345 మెగాపాస్కల్స్ కాగా, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన గ్రేడ్ 5కు అది 895. కాగితం మీద పోటీయే లేదనిపిస్తుంది. అయితే ఎవాపొరేటర్ గొట్టాన్ని లోపలి పీడనం చీల్చదు. వాక్యూమ్‌లో నడిచే గది లొట్టపోకుండా నిలవాలన్నా, ఆవిరి తాకిడికి గొట్టం అదరకుండా ఉండాలన్నా కావలసింది బలం కాదు, బిగువు, అంటే తేలిగ్గా వంగని గుణం. ఆ బిగువును నిర్ణయించే యంగ్ గుణకం గ్రేడ్ 2కు సుమారు 105 గిగాపాస్కల్స్, గ్రేడ్ 5కు సుమారు 114. అంటే రెండున్నర రెట్ల బలానికి ఎక్కువ ధర పెట్టి కొన్నవారికి ఇక్కడ అక్కరకు వచ్చేది పదో వంతుకు కూడా చేరని తేడా మాత్రమే. ఉక్కుతో పోల్చితే రెండింటి బిగువూ దాదాపు సగమే కాబట్టి, గొట్టాలకు ఆధారమిచ్చే పలకలను ఏ గ్రేడ్ వాడినా దగ్గర దగ్గరగానే అమర్చుకోవాలి.

తుప్పు విషయంలోనూ వీటి మధ్య అందరూ ఊహించేంత దూరం లేదు. టైటానియాన్ని కాపాడేది దాని ఉపరితలం మీద దానంతటదే ఏర్పడే, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఆక్సైడ్ పొర. గీత పడినా, నీటిలోనో గాలిలోనో ఉన్న ఆక్సిజన్‌తో ఆ పొర తక్షణమే తిరిగి కట్టుకుంటుంది. మామూలు వేడిమిలో ఉన్న సముద్రపు నీటికి రెండు గ్రేడ్లూ లొంగవు. క్షయకారక ఆమ్లాలలో, అంటే గాలి తగలని హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలలో, రెండూ తినబడతాయి, గ్రేడ్ 5 మరికాస్త ఎక్కువగా. చెమ్మ లేని పొడి క్లోరిన్ దగ్గరకు దేనినీ తీసుకుపోకూడదు, అక్కడ టైటానియం అంటుకొని మండుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సంగతీ అంతే, ఆ ఆక్సైడ్ పొరనే అది కరిగించివేస్తుంది. గ్రేడ్ 5 పట్ల నాకున్న అదనపు అభ్యంతరం ఒకటుంది. అప్పటికే సన్నని పగులు ఉన్న చోట లాగుడు పడితే, ఉప్పునీటిలో ఆ పగులు గాలిలోకంటే తక్కువ బలానికే ముందుకు పాకుతుందని 1960ల నాటి అమెరికా నౌకాదళ పరిశోధనల్లోనే బయటపడింది. అల్యూమినియం, ఆక్సిజన్ శాతాలు పెరిగేకొద్దీ ఈ బలహీనత పెరుగుతుంది. గ్రేడ్ 5 మిశ్రమంలోనే ఆక్సిజన్‌ను 0.13 శాతానికి పరిమితం చేసిన గ్రేడ్ 23 సముద్రపు పనుల్లో మన్నన పొందడానికి ఇదొక కారణం. గ్రేడ్ 2కు ఈ బెడద దాదాపు లేదు.

రెండింటికీ ఉమ్మడి శత్రువు సందు తుప్పు, షాపులో మనం క్రెవిస్ అనేది. జోడింపు కారకుండా మధ్యలో వేసే గాస్కెట్ కింద, గొట్టం వ్యాకోచింపజేసి బిగించిన చోట వెనుకవైపు మిగిలే ఇరుకులో, గట్టిపడిన ఉప్పు పెచ్చు కింద నీరు కదలక నిలిచి, ఆక్సిజన్ అయిపోయి, క్రమంగా ఆమ్లంగా మారుతుంది. క్లోరైడ్ ద్రావణం వేడి సుమారు 70, 80 డిగ్రీలు దాటనంత వరకు గ్రేడ్ 2కు భయం లేదు. ఎవాపొరేటర్ మొదటి దశలో ద్రావణం ఆ హద్దుకు పైనే మరుగుతుంది. పల్లాడియం 0.12 నుంచి 0.25 శాతం కలిపిన గ్రేడ్ 7 అక్కడే తన విలువ చూపిస్తుంది, ఎందుకంటే ఇరుకులోని ఆమ్లపు నీటిలో కూడా ఆక్సైడ్ పొర నిలిచే స్థితికి ఆ కొద్దిపాటి పల్లాడియమే లోహాన్ని నెట్టుతుంది. దాని బలం గ్రేడ్ 2 బలమే. ధర మాత్రం పల్లాడియం ధరతో పాటు పైకి పోతుంది కనుక యంత్రమంతా దానితో కట్టడం నా దృష్టిలో అనవసర వ్యయం.

ఇంతవరకు చెప్పినవన్నీ పుస్తకాల్లో ఎవరైనా చూసుకోగలిగిన సంగతులు. నేను పెన్ను పట్టుకొని గ్రేడ్ సంఖ్య రాసేటప్పుడు నా మనసులో మెదిలేది వీటిలో ఏదీ కాదు. ఈ లోహాన్ని ఎవరు, ఏ రేకుల షెడ్డులో, ఏ నెలలో అతుకుతారన్నదే నా మొదటి ఆలోచన.

ఉక్కు వెల్డింగ్‌లో చేతులు ఆరితేరిన మనిషికి టైటానియం మొదట్లో చాలా సుళువుగా కనిపిస్తుంది. కరిగిన లోహం చక్కగా పారుతుంది, గట్టిపడిన అతుకు గీత, అంటే బీడ్, అందంగా కూర్చుంటుంది. చిక్కంతా ఆ తరువాతనే ఉంది. 1668 డిగ్రీల దగ్గర కరిగిన ఈ లోహం చల్లారి సుమారు 430 డిగ్రీలకు దిగేవరకు చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను, చెమ్మలోని హైడ్రోజన్‌ను స్పంజిలా పీల్చుకుంటుంది. పీల్చుకున్నవి పైన మడ్డిగా తేలవు, లోహపు అణువుల మధ్య దూరి దానిని గట్టిగా, పెళుసుగా మార్చివేస్తాయి. అందువల్ల గాలి తగలకుండా టార్చ్ నాజిల్ నుంచి వచ్చే ఆర్గాన్ వాయువు ఒక్కటే చాలదు. టార్చ్ వెనుకనే సాగుతూ వేడి బీడ్‌ను కప్పే ట్రైలింగ్ షీల్డ్ ఉండాలి, గొట్టం లోపల నుంచి కూడా ఆర్గాన్ నింపి గాలిని తరిమివేయాలి. ఆర్క్ ఆపిన తరువాత టార్చ్‌ను అక్కడే పట్టుకొని గ్యాస్‌ను పారనివ్వాలి, అతుకులోకి కరిగించే ఫిల్లర్ కడ్డీ కొన గ్యాస్ నీడ దాటి బయటకు వస్తే ఆ కొనను కత్తిరించి పారవేయాలి.

మద్రాసు వాతావరణం ఇందుకు ఏమాత్రం అనుకూలం కాదు. మే నెలలో రేకుల కింద పనిచేసే మనిషి ఫ్యాన్ లేకుండా నిలబడలేడు, ఆ ఫ్యాన్ గాలి ఆర్గాన్ తెరను చెదరగొడుతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, ముఖ్యంగా నవంబరులో, రబ్బరు గొట్టాలు చెమ్మను పట్టుకొని నింపాదిగా గ్యాస్‌లోకి వదులుతాయి, దాని ఫలితం బీడ్‌లో సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు. అందుకే ప్లాస్టిక్ గొట్టాలు వాడమని పట్టుబడతాను. ఇవికాక అదే షెడ్డులో పక్కనే ఉక్కు గ్రైండింగ్ జరుగుతూ ఉంటే ఇనుప రజను టైటానియం మీద వాలి అందులో దిగబడుతుంది. ఆ ఇనుప చుక్కలే వేడి ఉప్పునీటిలో హైడ్రోజన్ లోపలికి దూరే వాకిళ్ళవుతాయి. టైటానియానికి ప్రత్యేకంగా ఒక మూల, ప్లాస్టిక్ తెరలు, శుభ్రమైన నూలు గ్లౌజులు, వేరే దేనికీ వాడని స్టెయిన్‌లెస్ బ్రష్, తుడవడానికి అసిటోన్ ఉండాలి. ఇంతకంటే పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు, కానీ ఇందులో ఒక్కటి లోపించినా అతుకు చెడుతుంది.

చెడిందో లేదో మొదట చెప్పేది రంగు. వెండిలా మెరిస్తే మంచిది, లేత గడ్డి రంగును సాధారణంగా ఒప్పుకుంటారు, నీలం కనిపిస్తే కాపుదల తప్పినట్టు, బూడిద రంగో తెల్లని పొడో కనిపిస్తే ఆ అతుకును కోసి తీసివేయడం తప్ప దారి లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక షాపులో రాత్రి పని చేసినవారు నీలంగా మారిన బీడ్లను తెల్లవారేలోగా బ్రష్‌తో రుద్ది మెరిపించి ఉంచారు. నేను చూసి మంచివేనని సంతకం పెట్టాను. నాలుగు నెలల్లో ఆ బీడ్లున్న గొట్టపు చుట్ట రెండు చోట్ల కారింది. రంగు పైపొర మాత్రమే, దానిని తుడిచినంత మాత్రాన లోపల కలిసిపోయిన ఆక్సిజన్ బయటకు రాదు. ఆనాటి నుంచి బ్రష్ తాకకముందు చూసిన అతుకునే లెక్కలోకి తీసుకుంటున్నాను.

ఈ పొరపాట్లు రెండు గ్రేడ్లకూ సమానమే. వాటిని ఓర్చుకునే తీరులోనే తేడా అంతా ఉంది. గ్రేడ్ 2కు కనీస సాగుదల 20 శాతం, గ్రేడ్ 5కు 10. కొద్దిపాటి ఆక్సిజన్ కలిసినా గ్రేడ్ 2లో ఇంకా కొంత సాగే గుణం మిగిలి ఉంటుంది, గ్రేడ్ 5లో అసలే తక్కువగా ఉన్నది మరింత తరిగిపోతుంది. పైగా గ్రేడ్ 2 మెత్తని లోహం కావడం వల్ల అతుకు పాడైతే కాఠిన్య పరీక్షలో ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. గ్రేడ్ 5 పుట్టుకతోనే గట్టిది కాబట్టి, కలుషితమైన అతుకు ఆ గట్టితనంలో దాక్కుంటుంది. నేను ఒకసారి ద్రవాలను కలియబెట్టే యంత్రం రెక్కలను గ్రేడ్ 5 షాఫ్ట్‌కు అతికించాను. చూపుకూ, పగుళ్ళను పట్టి చూపే రంగు ద్రవ పరీక్షకూ అన్నీ నిలిచాయి. కొన్ని వారాలకు బీడ్ అంచున సన్నని పగులు తేలింది. బలమైన లోహంలో అతుకు చల్లారేటప్పుడు మిగిలిపోయే లోపలి లాగుడు కూడా అంత బలంగానే ఉంటుంది, దానికి కాస్త హైడ్రోజన్ తోడైతే పగులు ఆలస్యంగానైనా వస్తుంది. ఆ లాగుడును తీసివేయడానికి గ్రేడ్ 5ను 480 నుంచి 650 డిగ్రీల మధ్య కాచాలి. వాక్యూమ్ కొలిమి లేక మామూలు కొలిమిలో కాస్తే పైపొర ఆక్సిజన్ పట్టి పెళుసవుతుంది, దానిని మళ్ళీ ఆమ్లంలో కరిగించి తీయాలి. వందల గొట్టాలు ఒకే పలకకు అతికిన యంత్రానికి ఈ చికిత్స చేయడం మన షాపుల్లో అయ్యే పని కాదు. గ్రేడ్ 2ను చాలా పనుల్లో అతికినట్టే వదిలివేయవచ్చును. నాలుగేళ్ళ తరువాత ప్లాంటులో ఒక గొట్టం కారితే, దానికి గ్రేడ్ 2 బిరడా పెట్టి అక్కడికక్కడే అతికే మనిషి దొరుకుతాడు.

ఈ మాట చెప్పినప్పుడల్లా పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సిద్ధం చేస్తున్న లోతు సముద్ర వాహనం మత్స్య 6000ను ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు దింపవలసిన ఆ వాహనపు గోళం గ్రేడ్ 5 జాతి లోహమే. అది న్యాయమైన ప్రశ్న. ఆ లోతులో నీటి పీడనం 600 బార్లు, గోళం లోపలి వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. బలం లేకపోతే గోడ ఇంకా మందమై, వాహనం తేలలేనంత బరువవుతుంది. అటువంటి చోట ఇస్రో వంటి సంస్థ వాక్యూమ్‌లో ఎలక్ట్రాన్ కిరణంతో అతుకుతుంది, గాలి అన్నదే లేని చోట గాలి పీల్చుకునే సమస్య ఉండదు. ఆ పనికి ఆ లోహం సరైనదే. అంబత్తూరు షెడ్డులో టిగ్ టార్చ్‌తో, అంటే ఆర్గాన్ కాపుదలలో విద్యుత్ ఆర్క్‌తో, మనం చేసే పనికి దానిని ఆదర్శంగా తీసుకోకూడదు.

ఉక్కుకు టైటానియాన్ని నేరుగా కరిగించి అతకడం గురించి కూడా అడుగుతుంటారు. అది కుదరదు, మధ్యలో పెళుసైన ఇనుప-టైటానియం సమ్మేళనాలు ఏర్పడి చల్లారుతుండగానే పగులుతుంది. ఉక్కు మీద టైటానియాన్ని పేలుడుతో అంటించిన క్లాడ్ పలక వాడుకోవాలి, లేదా బోల్టులతో బిగించి మధ్యన విద్యుత్ బంధం తెంచాలి. ఆ బంధం తెంచకపోతే వేడి ఉప్పునీటిలో ఉక్కు తినబడుతుంది, ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ టైటానియంలోకి చేరుతుంది.

అరుగుదలలో గ్రేడ్ 5 గట్టిది గనుక మేలని అనుకోవడం సహజమే, అనుభవం మాత్రం అలా చెప్పదు. టైటానియం టైటానియంతో రాసుకుంటే ఆక్సైడ్ పొర చిరిగి, లోహం లోహానికి అంటుకొని, నట్టు బోల్టును పట్టేస్తుంది. వేడిని మోసే శక్తి మామూలు ఉక్కుతో పోల్చితే చాలా తక్కువ కావడం వల్ల రాపిడి వేడి అక్కడే నిలిచి పరిస్థితి ముదురుతుంది. ఈ దోషం రెండు గ్రేడ్లలోనూ ఉంది. తుంటి కీలు మార్పిడిలో ఎముకలోకి దిగే కాడను గ్రేడ్ 5 జాతి లోహంతో చేసి, తిరిగే బంతిని మాత్రం కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతోనో సెరామిక్‌తోనో చేయడానికి కారణం ఇదే. రాపిడి ఉన్న చోట నైట్రైడ్ పూత వేయాలి, లేదా జత భాగాన్ని వేరే లోహంతో చేయాలి. గ్రేడ్ పెంచినంత మాత్రాన ఈ సమస్య పోదు.

మిగిలినవాటి గురించి రెండు మాటలు. గ్రేడ్ 12లో నికెల్, మాలిబ్డినం ఉంటాయి, సందు తుప్పుకు గ్రేడ్ 2 కంటే నయం, కానీ మా అవసరానికి తగిన చిన్న మొత్తాల్లో దొరకడం కష్టం. గ్రేడ్ 9 సన్నని గొట్టాలకు మంచి లోహం, అయితే మాకు ఆ బలం అక్కరలేదు. కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం వేడి నైట్రిక్ ఆమ్లం కోసం టాంటలం, నియోబియం కలిపి రూపొందించిన మిశ్రమం మరో రకమైన అవసరానికి పుట్టినది.

ఆ ఎవాపొరేటర్‌కు చివరికి రాసిచ్చినది ఇది: గొట్టాలు, ట్యూబ్ షీట్, గది అంతా గ్రేడ్ 2. మొదటి దశలో గాస్కెట్లు కూర్చునే ముఖాలకు మాత్రం గ్రేడ్ 7, అవి గ్రేడ్ 2తో కలిసే అతుకులకు గ్రేడ్ 7 ఫిల్లర్ కడ్డీ. అతుకు లేని పంపు షాఫ్ట్‌కు గ్రేడ్ 5, సీల్ రాసుకునే చోట దానిపై వేరే లోహపు తొడుగు. పని మొదలుపెట్టే ముందు ప్రతి వెల్డర్ రెండు నమూనా ముక్కలు అతికి ఇవ్వాలి. ఒకదానిని వంచి చూస్తాము, రెండవదాని కాఠిన్యాన్ని మూల లోహంతో పోల్చుతాము. ప్రతి అతుకుకూ బ్రష్ పట్టకముందే, పగటి వెలుతురులో, లోపలివైపూ పైవైపూ రెండు ఫోటోలు తీసి నాకు పంపాలి.