చూసి నేర్చుకున్నదా, ప్రేమ అందకనా?

చిత్తూరులో మా వీధిలో ఒకాయన తాగొచ్చి భార్యను కొట్టేవాడు. ఇరవై ఏళ్ల తర్వాత పెద్దకొడుకూ అదే మొదలుపెట్టాడు. "రక్తంలోనే ఉంది" అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అమెరికాలో పనిచేసిన మనస్తత్వవేత్త బందూరా చెప్పేది వేరు: పిల్లలు చూసి నేర్చుకుంటారని. 1961లో ఆయన బృందం స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు అనుకరించారు. కొట్టిన నాన్నకే ముందు అన్నం వడ్డించే ఇంట్లో పిల్లాడు కొట్టడం ఒక్కటే నేర్చుకోడు, కొడితే మాట చెల్లుతుందని కూడా నేర్చుకుంటాడు. గృహహింస విషయంలో నాకు ఈ వివరణే బలంగా కనిపిస్తుంది.

బ్రిటిష్ మానసిక వైద్యుడు బౌల్బీ దృష్టి పసితనపు అనుబంధం మీద, అంటే బిడ్డకు పెంచేవాళ్లతో ఏర్పడే ప్రేమబంధం మీద. 1944లో ఆయన ప్రచురించిన పరిశీలనలో దొంగతనాలు చేసిన పిల్లలు 44 మంది. అందులో ఎవరి మీదా మమకారం లేనివాళ్లు 14 మంది. వాళ్లలో 12 మంది చిన్నప్పుడే తల్లికి చాలాకాలం దూరమయ్యారు. అయితే దీన్ని పట్టుకుని, పిల్లల్ని వదిలి కువైట్‌కు పనికి వెళ్లిన మన జిల్లా తల్లుల్ని నిందించడం అన్యాయం. నానమ్మ, అమ్మమ్మల ఒడి కూడా ఒడే.

మరి అదే ఇంట్లో అవే దెబ్బలు చూసిన చిన్నకొడుకు భార్య మీద చెయ్యెత్తలేదే? అక్కడ నాకు బౌల్బీ గుర్తొస్తాడు. ప్రతి వేసవీ ఆ పిల్లాడు పలమనేరులో అమ్మమ్మ పక్కనే పడుకునేవాడు.