బరంపురంలో గల్ఫు డబ్బు అందుకునే కౌంటరు: మూడేళ్ల అనుభవం

మస్కట్‌లో తాపీ పని చేస్తున్న మా తమ్ముడు పంపే డబ్బును మూడేళ్లుగా బరంపురం పాత బస్టాండు వైపున్న ఒక నగదు బదిలీ కౌంటరులోనే తీసుకుంటున్నాను. అమ్మకు ఒడియా చదవడం రాదు. అక్కడి ఉద్యోగులు మాతో తెలుగులోనే మాట్లాడి, ఆధార్ చూసి పది నిమిషాల్లో పని ముగిస్తారు. యాభై వేలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధనను ముందే చెప్పి, ఒకసారి ఖాతాలో వేయించారు. మర్యాదకు వంక పెట్టలేను.

నా అభ్యంతరమంతా రసీదు మీదే. అందులో మస్కట్‌లో కట్టిన రుసుము కనిపిస్తుంది గాని, ఒమన్ రియాళ్లను రూపాయల్లోకి మార్చే మారకపు రేటును తగ్గించి సంస్థ ఎంత మిగుల్చుకున్నదో కనిపించదు. పైగా పంపే మొత్తం ఎంతైనా రుసుము ఒక్కటే. రెండు రియాళ్లంటే నూరు రియాళ్లు పంపేవారికి 2 శాతం. పని సరిగా దొరకని నెలలో ఇరవై అయిదే పంపగలిగినవారికి 8 శాతం. వలస కార్మికులు ఇంటికి పంపే డబ్బుపై ఖర్చు 2030 నాటికి 3 శాతంలోపుకు రావాలని ఐక్యరాజ్యసమితి 2015లోనే, తన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అసమానతలను తగ్గించే పదవ లక్ష్యం కింద, నిర్ణయించింది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 200 డాలర్లు పంపడానికి సగటు ఖర్చు మాత్రం 6 శాతం పైనే ఉంటూ వచ్చింది.

నేను ఉదార ప్రజాస్వామ్య విలువలను నమ్మే మనిషిని, అందుకే ఈ లెక్క నన్ను బాధిస్తుంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 13వ అధికరణం ఎవరైనా తన దేశాన్ని విడిచి వెళ్లవచ్చునన్నది. కూలి కోసం మరో దేశంలో అడుగుపెట్టే హక్కును మాత్రం ఆ ప్రకటన ఎక్కడా ఇవ్వలేదు. ప్రపంచ ప్రజల ఆదాయాల్లో కనిపించే తేడాలలో సగానికి పైగా వారు నివసించే దేశాన్ని బట్టే ఏర్పడుతున్నాయని ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ లెక్కగట్టారు. పదో తరగతి దాటని మా తమ్ముడి పాస్‌పోర్టుతో ఒమన్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వం ఇచ్చే వలస అనుమతి తప్పనిసరి. అన్ని అడ్డంకులూ దాటి అతను సంపాదించినదానిలో కోత ఎంతో తెలుసుకునే హక్కయినా అతనికి ఉండాలి కదా!

అడిగితే, రేటు తమ చేతిలో లేదని మేనేజరు నెమ్మదిగానే చెప్పారు. ఈ కౌంటరుకు వచ్చేవారు రుసుమును చూసి ఊరుకోకుండా, ఇక్కడ చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో డబ్బు కట్టకముందే అక్కడి కౌంటరులో అడిగి రాయించుకోమని పంపేవారికి చెప్పండి. మరో రెండు చోట్ల కూడా అదే ప్రశ్న అడగమనండి. మా తమ్ముడు పోయిన నెల నుంచి అలాగే చేస్తున్నాడు.