యాకుటాట్‌లో కోహో సాల్మన్ వేట: నదిలో మేలా, సముద్రంలోనా?

అలాస్కా తీరంలోని యాకుటాట్‌కు రోడ్డు లేదు. ఆరేడు వందల మంది ఉండే ఊరు. చాలామంది విమానంలోనే దిగుతారు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి వచ్చే కోహో సాల్మన్ రాక ఆగస్టు మధ్యలో మొదలై సెప్టెంబరు మధ్యకల్లా ముమ్మరమవుతుంది. నాలుగు రోజులే ఉన్నవాళ్లు సిటుక్ నదికి వెళ్లాలా, అద్దె పడవెక్కి సముద్రంలోకి పోవాలా?

ముందు రుచి. విలస గోదావరి ఎదురెక్కి పులస అయితేనే మనకు విలువ. సాల్మన్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. నదిలోకి రాగానే మేత మానేస్తుంది. కొవ్వు కరిగి, వెండి రంగు పోయి ఒళ్లు ఎర్రబడుతుంది, కండ పాలిపోతుంది. రుచిలో సముద్రపు చేపదే పైచేయి.

అయినా మా మొగ్గు నదికే. ఇక్కడ ఏడాదికి దాదాపు 3,800 మిల్లీమీటర్ల వాన, సెప్టెంబరులో ముసురు మరీ ఎక్కువ. అలలు లేస్తే పడవ కదలదు, రెండు రోజులు గదిలోనే గడిచిపోవచ్చు. సిటుక్ సరస్సుల్లో పుట్టిన నది. మంచునదుల బురద ఉండదు, వాన వెలిశాక త్వరగా తేటపడుతుంది.

నైన్ మైల్ వంతెన దగ్గర నదిలోకి పడవ దించితే సముద్రానికి దగ్గరున్న లోయర్ లాండింగ్ రేవు దాకా సుమారు 22 కిలోమీటర్లు, రోజంతా పని. మధ్యలో రోడ్డెక్కే దారి లేదు. పడిపోయిన చెట్లు అడ్డముంటాయి. తెడ్డు వేయడం రానివాళ్లు గైడు లేకుండా దిగొద్దు. కొత్తవాళ్లకు లోయర్ లాండింగ్ ఒడ్డే మేలు. పోటుతో కొత్త చేప లోపలికొస్తుంది, అంతకు ముందే చేరుకోండి. తోక వైపు సముద్రపు పేలు (ఉప్పునీళ్లలో చేపను పట్టుకునే చిన్న పరాన్నజీవులు) ఇంకా అంటుకుని ఉన్నాయంటే ఆ చేప ఉప్పునీళ్లు వదిలి ఎంతో కాలం కాలేదు. రుచిలో సముద్రపుదానికి తీసిపోదు. ఎర్రబడినదాన్ని నీళ్లలోనే గాలం తీసి వదిలేయండి.

ఎనిమిదిన్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్, 12–15 పౌండ్ల బరువు తట్టుకునే దారం, నాలుగో నంబరు స్పిన్నర్ (నీళ్లలో గిరగిరా తిరిగే రేకు ఎర) చాలు. దానికి పడకపోతే నెమ్మది నీళ్లలో అర ఔన్సు గులాబీ జిగ్‌ను (తల దగ్గర బరువున్న గాలపు ఎర) ఎగరేస్తూ దించండి. కోహో ఎక్కువగా అది దిగేటప్పుడే పడుతుంది. దారం వదులైతే తెలియను కూడా తెలియదు.

పట్టగానే తలమీద కొట్టి, మొప్పలు కోసి, తాడుకు కట్టి పారే నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. పొట్ట చీల్చాక వెన్నుకు అంటుకున్న నల్లటి నెత్తుటి చారను చెంచాతో గీకేయాలి. నీచు వాసన ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. చేపను వదిలి పక్కకు వెళ్లొద్దు, ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఎలుగును తరిమే కారపు స్ప్రేను విమానంలో తేనివ్వరు, ఊళ్లోనే కొనుక్కోవాలి. రోజుకు ఎన్ని చేపలు పట్టొచ్చో లైసెన్సు తీసుకునేటప్పుడే చూసుకోండి.

నాలుగున్నర కిలోల కోహోకు మూడు కిలోల లోపే కండ వస్తుంది. 23 కిలోల విమానం పెట్టెలో ఏడు చేపలు సరిపోతాయి. అవి మూడు రోజుల్లో నదిలోనే దొరికి, నాలుగో రోజు గాలి తగ్గితే, అప్పుడు సముద్రపు పడవ ఎక్కండి.