పాయింట్లతో స్కీయింగ్, వెంట కోషర్ వంట: పార్క్ సిటీ, వెయిల్, ట్రాంబ్లాంట్‌లలో ఏది మేలు?

న్యూయార్క్, న్యూజెర్సీల్లో చాలా ఆర్థడాక్స్ యూదు స్కూళ్లు జనవరి రెండో సగంలో కొన్ని రోజులు సెలవులిస్తాయి. దాన్ని యెషివా వీక్ అంటారు. టీనెక్, మాన్సీ, ఫైవ్ టౌన్స్, క్యూ గార్డెన్స్ హిల్స్ లాంటి చోట్ల నుంచి కొందరు ఫ్లోరిడా ఎండకీ, కొందరు మంచుకొండలకీ బయల్దేరతారు. ఏడాదంతా పోగేసిన క్రెడిట్ కార్డు పాయింట్లు బయటికి తీసేదీ అప్పుడే. ఎవరిని కదిపినా ముందు వచ్చే ప్రశ్న, "ఎక్కడికైతే పాయింట్లు తక్కువ పడతాయి?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. శుక్రవారం ఎన్నింటికి పొద్దుగూకుతుంది, కోషర్ వంట, అంటే యూదు మత ఆహార నియమాల ప్రకారం వంట, ఎక్కడ, ఎలా అన్నవి తేలాకే ఆ పాయింట్లతో వచ్చే ఎయిర్‌లైన్ మైళ్ల సంగతి. ఆ లెక్కన మూడు స్కీయింగ్ ఊళ్లు పోల్చి చూద్దాం: యూటాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గరి పార్క్ సిటీ, కొలరాడోలో డెన్వర్ మీదుగా వెళ్లే వెయిల్, కెనడాలో మాంట్రియల్ మీదుగా వెళ్లే ట్రాంబ్లాంట్.

యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. సూర్యాస్తమయానికి సాధారణంగా 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు. ఆపైన కారు ఎక్కకూడదు, స్టవ్ వెలిగించకూడదు, స్విచ్ వేయకూడదు. జనవరి చివర్లో సాల్ట్ లేక్ సిటీలో సూర్యుడు సాయంత్రం 5:40 దరిదాపుల్లో అస్తమిస్తాడు. డెన్వర్‌లో 5:15 దగ్గర, మాంట్రియల్‌లో ఐదు కాకముందే. యూటా తన టైమ్ జోన్‌లో బాగా పడమటికి ఉండటం వల్ల కలిసొచ్చిన సమయమిది. పావుగంటా అరగంటా తేడాకి ఇంత చర్చెందుకు అనుకునేవాళ్లు, నలుగురు పిల్లల తడి బూట్లు విప్పించి, స్నానాలు చేయించి, రెండు పూటల వంట హాట్‌ప్లేట్ మీదకి చేర్చే పని ఒకసారి చేసి చూడాలి.

రోడ్డు విషయంలో కూడా పార్క్ సిటీదే పైచేయి. సాల్ట్ లేక్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఐ-80 మీద ముప్పావు గంట లోపే చేరిపోవచ్చు. వెయిల్ అలా కాదు. డెన్వర్ ఎయిర్‌పోర్ట్ నుంచి దాదాపు 120 మైళ్లు, ఐ-70 మీద ప్రయాణం. 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఐసెన్‌హోవర్ టన్నెల్, ఆ తర్వాత వెయిల్ పాస్. మంచు పడితే రోడ్డు మూసేస్తారు, మూయకపోయినా శుక్రవారం మధ్యాహ్నం డెన్వర్ జనమంతా ఆ రోడ్డు మీదే ఉంటారు. మామూలు కుటుంబానికి ట్రాఫిక్ జామ్ అంటే విసుగు. షబ్బాత్ పాటించే కుటుంబానికి అది అసలైన టెన్షన్, ఎందుకంటే పొద్దుగూకే వేళకి కారు ఎక్కడుందన్నదే సమస్య. కాబట్టి వెయిల్ వెళ్లేవాళ్లు శుక్రవారం ఫ్లైట్ ఆలోచనే పెట్టుకోవద్దు, ఆదివారమో సోమవారమో దిగండి. వెయిల్‌కి దగ్గర్లో ఈగిల్ ఎయిర్‌పోర్ట్ ఉంది కదా అంటారు. ఉంది, సుమారు 35 మైళ్లే. కానీ ఇలాంటి కొండ ఎయిర్‌పోర్టులకి నడిచే సీజనల్ ఫ్లైట్లలో కొన్ని శనివారమే ఉంటాయి. వీళ్లకి పనికిరాని రోజు సరిగ్గా అదే.

తిండి దగ్గరకొస్తే వరస తలకిందులవుతుంది. మాంట్రియల్‌లో పెద్ద యూదు సమాజం ఉంది. కోట్ సాన్ లూక్, ఊట్రెమాన్ పేటల్లో కోషర్ మాంసం, బ్రెడ్, వండిన భోజనం అన్నీ దొరుకుతాయి. స్థానిక ధ్రువీకరణ సంస్థ వేసే ఎంకే గుర్తు చూసి కొనుక్కోవడమే. అక్కడి నుంచి ట్రాంబ్లాంట్ గంటన్నర దూరం. షబ్బాత్ మాంట్రియల్‌లోనే, సినగాగ్‌కి (యూదు ప్రార్థనామందిరానికి) నడిచి వెళ్లగలిగే చోట గడిపి, ఆదివారం డిక్కీ నిండా సరుకుతో కొండెక్కి, గురువారం దిగడం తెలివైన పని. శనివారం ఎలాగూ స్కీయింగ్ లేనప్పుడు ఆ రాత్రులకి రిసార్ట్ ధర కట్టడం దేనికి?

సాల్ట్ లేక్‌లో అంత సుఖం లేదు. ట్రేడర్ జోస్, కాస్ట్‌కో లాంటి చోట్ల ఓయూ అనే కోషర్ గుర్తున్న ప్యాకెట్ సరుకులు దొరుకుతాయి, పళ్లూ కూరగాయలకి ఢోకా లేదు. మాంసం మాత్రం ఇంటి నుంచే గడ్డకట్టించి తీసుకెళ్లడం మంచిది. రాయిలా గడ్డకట్టి ఉంటే సెక్యూరిటీ దగ్గర అభ్యంతరం ఉండదు. డ్రై ఐస్ పెడితే ఎయిర్‌లైన్ అనుమతితో ఒక్కొక్కరికి రెండున్నర కిలోల వరకే. ఇంకోటి, యూటాలో వైన్ ప్రభుత్వ మద్యం దుకాణాల్లోనే అమ్ముతారు, ఆదివారం అవి మూత. కిద్దూష్‌కి, అంటే షబ్బాత్ భోజనానికి ముందు వైన్ మీద చేసే ప్రార్థనకి, కావలసిన సీసా చెకిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, లేదా ద్రాక్షరసంతో కానిచ్చేయండి. పార్క్ సిటీ, వెయిల్ రెండు చోట్లా చాబాద్ అనే యూదు మత సంస్థ కేంద్రాలున్నాయి. భోజనాల సంగతి, సామూహిక ప్రార్థనకి తప్పనిసరైన పదిమంది మగవాళ్లు కుదురుతారా లేదా అన్నది వాళ్లని ముందే అడిగి, అక్కడికి నడవగలిగే దూరంలో బస వెతకాలి. రెండు ఊళ్లలోనూ బస్సులు ఉచితమే, కానీ శనివారం అవి వీళ్లకి లేనట్టే.

ఎడిసన్ నుంచి వెకేషన్‌కి వెళ్లే మనవాళ్లు రైస్ కుక్కరూ ఆవకాయా సర్దుకుంటారు కాబట్టి ఈ బాధ సగం మనకి తెలిసిందే. అయితే మనం ఆకలేస్తే చీజ్ పిజ్జాతో పూట గడిపేస్తాం. కోషర్ కుటుంబానికి ఆ వీలు లేదు. అద్దె ఇంట్లో ఓవెన్ ఉన్నా అందులో ఇదివరకు ఏం వండారో తెలియదు, అందుకే రెండు పొరల ఫాయిల్ చుట్టి గానీ లోపల పెట్టరు. గ్లాస్ స్టవ్‌ని కోషర్ చేయడం మరీ చిక్కు. దారి తెలిసినవాళ్లు ఒక ఎలక్ట్రిక్ స్టవ్, ఒక పాన్, ఒక స్లో కుక్కర్, కాగితం ప్లేట్లు పట్టుకెళ్తారు. కోషర్ పద్ధతిలో పాలకీ మాంసానికీ గిన్నెలు వేరుగా ఉండాలి. వారమంతా పాల వంటలే పెట్టుకుని, మాంసం షబ్బాత్ చోలెంట్ (రాత్రంతా నెమ్మదిగా ఉడికే కూర) వరకే ఉంచుకుంటే గిన్నెలు రెండు జతలు మోయక్కర్లేదు. ఇల్లు బుక్ చేసేటప్పుడు ఓనర్‌ని అడగాల్సిన మొదటి మాట హాట్ టబ్ గురించి కాదు, మామూలు తాళంచెవి ఉందా అని. నంబర్లు నొక్కే డిజిటల్ తాళమైతే శనివారం ఇంట్లోంచి బయటపడ్డవాళ్లు మళ్లీ లోపలికి రావడం కష్టం.

ఇక మైళ్లు. సాల్ట్ లేక్ డెల్టాకి హబ్, న్యూయార్క్ కెన్నడీ ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఫ్లైట్లున్నాయి, జెట్‌బ్లూ కూడా వెళ్తుంది. డెన్వర్ యునైటెడ్‌కి హబ్, నెవార్క్ నుంచి సులువు. క్వీన్స్‌లోని లాగార్డియా ఎయిర్‌పోర్ట్ నుంచి 1,500 మైళ్లు దాటిన ఊళ్లకి నేరుగా ఫ్లైట్లు నడపకూడదన్న పరిమితి ఉన్నా డెన్వర్‌కి మినహాయింపు ఉంది కాబట్టి క్వీన్స్ వాళ్లకి అదీ కలిసొస్తుంది. అమెక్స్ పాయింట్లు డెల్టాకీ, చేజ్ పాయింట్లు యునైటెడ్‌కీ ఒకటికి ఒకటి మారతాయి. అంటే చేతిలో ఏ కార్డుందో అదే కొంతవరకు కొండని నిర్ణయిస్తుంది. ఒకసారి మార్చిన పాయింట్లు వెనక్కి రావు, సీటు కళ్ల ముందు కనబడేదాకా మార్చొద్దు.

డెల్టా, యునైటెడ్ రెండింటికీ ఇప్పుడు స్థిరమైన మైళ్ల పట్టిక లేదు, సెలవు వారంలో రేటు కొండెక్కుతుంది. అందుకే ఈ లెక్క చేయండి. టికెట్ ధరలోంచి అవార్డ్ (మైళ్లతో తీసుకునే టికెట్) మీద కట్టే పన్ను తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించాలి. దేశంలోపల రానూపోనూ పన్ను మనిషికి 11.20 డాలర్లు. ఉదాహరణకి టికెట్ 380 డాలర్లు, మైళ్లు 30,000 అయితే మైలుకి 1.2 సెంట్లు పైచిలుకు వచ్చినట్టు, వాడుకోవచ్చు. ఒక సెంటు కంటే తగ్గితే నేనైతే డబ్బే కడతాను. ఆరుగురికి ఒకేసారి వెతికితే అందరికీ ఒకే రేటు పడాలి కాబట్టి తరచు ఖరీదైనదే చూపిస్తుంది. ఇద్దరిద్దరికి విడివిడిగా వెతికి చూడండి. అందులో ఓ మెలిక ఉంది. డెల్టా గోల్డ్ కార్డు ఉన్నవాళ్లకి మొదటి బ్యాగ్ ఉచితం, ఆ సౌకర్యం వెంట వచ్చే మరో ఎనిమిది మందికీ వర్తిస్తుంది, కానీ అందరూ ఒకే రిజర్వేషన్‌లో ఉండాలి. యునైటెడ్ కార్డుల్లో ఎక్కువవాటికి అది మరొక్కరికే. స్కీలు, బూట్లు, మాంసం పెట్టె, స్లో కుక్కర్ మోసుకెళ్లే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. టికెట్ మీద మిగిలిన మైళ్లు బ్యాగుల దగ్గర పోకుండా రెండూ కలిపి లెక్కేయాలి.

మాంట్రియల్‌కి మైళ్లు వాడటం నాకు నచ్చదు. గంటన్నర ఫ్లైట్, కారులో అయితే ఆరేడు గంటలు. పైగా రోడ్డు మీద సరిహద్దు దాటే 16 ఏళ్లలోపు అమెరికా పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు, ఫ్లైట్ అయితే అందరికీ పాస్‌పోర్టులు కావాలి. చలి మాత్రం గట్టిది, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ మామూలే. బదులుగా ఎత్తు సమస్య లేదు, ట్రాంబ్లాంట్ శిఖరమే 875 మీటర్లు. వెయిల్ ఊరు 8,150 అడుగుల మీద ఉంటుంది, చిన్నపిల్లలకి మొదటి రాత్రి తలనొప్పి, వాంతులు రావచ్చు.

లిఫ్ట్ టికెట్లకి ఎయిర్‌లైన్ మైళ్లు పనికిరావు. వెయిల్, పార్క్ సిటీ రెండింట్లోనూ రద్దీ రోజున కౌంటర్ దగ్గర ఒక్క రోజుకి 300 డాలర్లు దాటుతుంది. ముందుగానే కొనుక్కునే ఎపిక్ డే పాస్ అనే లిఫ్ట్ పాస్‌ని డిసెంబరు మొదట్లో అమ్మకాలు ఆపేలోపే కొనుక్కుంటే చాలా తగ్గుతుంది, రోజులు వరసగా ఉండక్కర్లేదు కాబట్టి శనివారం వృథా కాదు.

ముగ్గురు నలుగురు స్కీయింగ్ వచ్చిన పిల్లలు, చేతిలో అమెక్స్ పాయింట్లు ఉంటే నా ఓటు పార్క్ సిటీకే. శనివారం రాత్రి సామాను సర్దుకుని అర్ధరాత్రి ఫ్లైట్ పట్టుకోవచ్చు గానీ, షబ్బాత్ రోజున సర్దుకోకూడదు కాబట్టి చీకటి పడ్డాక మిగిలే కొద్ది గంటలూ పరుగే. ఆదివారం అవార్డ్ రేటు మరీ ఎక్కువగా లేకపోతే ఆగి వెళ్లండి. తాతయ్యలు, అమ్మమ్మలు, పాలు తాగే పాప, తిండి దగ్గర రాజీపడని ఇంటాయన ఉన్న గుంపైతే మాంట్రియల్ మీదుగా ట్రాంబ్లాంట్, మైళ్లు వేసవికి దాచుకోవడం. చేజ్ పాయింట్లే ఉండి, ఆదివారం వెళ్లి గురువారం తిరిగొచ్చేసేవాళ్లకి వెయిల్ బాగానే ఉంటుంది. షబ్బాత్ కూడా కొండమీదే అనుకుంటే మాత్రం వెయిల్‌కి నేను ఓటేయను.