చిన్న కంపెనీ ఇంటర్నెట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

పెద్ద టెలికాం సంస్థను వదిలి ఒక చిన్న స్వతంత్ర సంస్థ కనెక్షన్‌కు మారి కొన్నేళ్లయింది. చేరిన వారంలోనే రాసే సమీక్షల్లో స్పీడు తప్ప మరేమీ ఉండదు కాబట్టి ఇన్నాళ్లు ఆగాను. ఆ స్పీడు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: చెప్పినంతా వస్తోంది, రాత్రి అందరూ వీడియోలు చూసే వేళ కాస్త తగ్గుతుంది.

నాకు బాగా నచ్చింది వీళ్లు ఫోనులో మాట్లాడే తీరు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే యంత్రం గొంతు వినిపించదు. ఫోను ఎత్తే మనిషికి రూటింగ్ (డేటా ఏ దారిన వెళ్లాలో నిర్ణయించే పద్ధతి) అంటే ఏమిటో తెలుసు. ఒకసారి విదేశంలోని సర్వర్‌కు వెళ్లే డేటా ఎక్కడెక్కడో చుట్టుతిరిగి వెళుతోందని, ఆ దారిలోని మజిలీలను చూపే ట్రేస్‌రూట్ అనే పరీక్ష ఫలితం పంపాను. మోడెమ్ ఆపి మళ్లీ వేయమనే పాత మంత్రం చదవకుండా, తమ డేటాను మిగతా ఇంటర్నెట్‌కు చేరవేసే (ట్రాన్సిట్) సంస్థతో మాట్లాడి దారి మార్పించారు. పెద్ద సంస్థలో ఆ ఫలితాన్ని చదవగలిగే మనిషి దొరకడానికే తలప్రాణం తోకకు వచ్చేది.

అడిగితే స్థిర ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో నా కనెక్షన్‌కు మారని చిరునామా, కూడా ఇచ్చారు. చిన్న సంస్థకు ఇది తేలిక కాదు. ఐపీవీ4 అనే పాత రకం అడ్రసుల ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అంతకుముందే దండిగా తీసిపెట్టుకున్న పాత సంస్థలకు ఆ చింత లేదు. ఆలస్యంగా వచ్చినవారు మాత్రం అడ్రసులను ఇతరుల దగ్గర కొనుక్కోవాలి, లేదా ఒకే అడ్రసు వెనుక చాలామంది వినియోగదారులను సర్దాలి. వీళ్లు రెండూ చేస్తున్నారు. మామూలుగా ఉమ్మడి అడ్రసు, అడిగితే విడి అడ్రసు. ఉమ్మడి అడ్రసుకు బయటి నుంచి నేరుగా చేరడం కష్టం కాబట్టి, ఇంట్లో సర్వరో కెమెరాలో పెట్టుకుని బయటి నుంచి చూసుకోవాలనుకునేవారు చేరేముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

అసలు తలనొప్పి లైను తెగినప్పుడు మొదలవుతుంది. ఇంటి దాకా వచ్చే తీగ వీళ్లది కాదు. పెద్ద సంస్థ వేసిన తీగను టోకు ధరకు అద్దెకు తీసుకుని దాని మీద తమ సేవ నడుపుతారు. తీగ పాడైతే వీళ్లు చేయగలిగింది ఫిర్యాదు నమోదు చేసి ఎదురుచూడటమే. బాగుచేయడానికి వచ్చేది పెద్ద సంస్థ మనిషి. అంటే నన్ను వినియోగదారుగా పోగొట్టుకున్న సంస్థే వచ్చి నా లైను సరిచేయాలి! ఒకసారి వానకు జంక్షన్ పెట్టెలో నీళ్లు చేరాయి. అదే పెట్టె నుంచి లైను ఉన్న పక్కింటివారు పెద్ద సంస్థ వినియోగదారులు. వారికి మర్నాటికల్లా వచ్చేసింది. నాకు వారం దాటింది. కావాలని జాప్యం చేశారని నేను నిరూపించలేను. వచ్చిన టెక్నీషియన్ మాత్రం సామాను సర్దుకుంటూ, "మా దాంట్లోనే ఉంటే ఈ తిప్పలు ఉండవు కదండీ" అని ఉచిత సలహా ఇచ్చి వెళ్లాడు.

ఈ చిక్కు చాలా దేశాల్లో ఉన్నదే. ప్రతి వీధిలో రెండో తీగ, మూడో తీగ లాగడం దండగ ఖర్చు కాబట్టి, ఉన్న తీగనే పోటీదారులకు అద్దెకివ్వాలని నియంత్రణ సంస్థలు నిబంధన పెట్టాయి. అద్దెకిచ్చేవాడే పోటీదారు కావడం తంటా తెచ్చిపెట్టింది. ఆ అనుమానం తీర్చడానికే బ్రిటన్‌లో 2006లో పెద్ద టెలికాం సంస్థ బీటీ తీగల నిర్వహణను ఓపెన్‌రీచ్ అనే విడి విభాగానికి అప్పగించారు. అమెరికా ఎదురుదిశలో నడిచింది. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం మొదట్లో పాత టెలిఫోను సంస్థల తీగలను పోటీదారులకు తెరిపించింది. కేబుల్ సంస్థలు మాత్రం తమ లైన్లు తెరవనక్కరలేదన్న అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వైఖరిని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసులో ఓడిన బ్రాండ్ ఎక్స్ ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థే. కొద్ది నెలలకే టెలిఫోను సంస్థల డీఎస్ఎల్‌కూ (ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌కూ) అలాంటి సడలింపే దొరికింది.

కెనడా కథ చదివినప్పటి నుంచి నాకు నా బిల్లు మీద భయం పట్టుకుంది. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2019లో తీగల అద్దెకు చెల్లించే టోకు ధరలను బాగా తగ్గించింది. పెద్ద సంస్థలు కోర్టుకూ ప్రభుత్వానికీ వెళ్లాయి. 2021 మేలో సీఆర్‌టీసీయే తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని దాదాపుగా 2016 నాటి తాత్కాలిక ధరలనే ఖాయం చేసింది. తగ్గింపును నమ్ముకున్న చిన్న సంస్థల లెక్కలు తలకిందులయ్యాయి. మరుసటి ఏడాది చిన్న సంస్థలైన ఈబాక్స్‌ను బెల్, వీమీడియాను వీడియోట్రాన్ అనే పెద్ద సంస్థలు కొనేశాయి.

మా సంస్థ ధర పెంచినప్పుడు పంపిన లేఖలోనూ ఇదే వరస. నెలనెలా కట్టే డబ్బులో పెద్ద భాగం తీగ అద్దెకే పోతోందని, మిగిలిన దానిలోంచే జీతాలు, పరికరాలు, లైసెన్సు నివేదికలు అన్నీ గడవాలని రాశారు. వందలమంది న్యాయ సిబ్బంది ఉన్న సంస్థ పూరించే పత్రాలనే గుప్పెడు మంది ఉన్న సంస్థా పూరించాలి. ఇంత విప్పి చెప్పిన బిల్లు నాకు ఇంకెవరూ పంపలేదు.

అలాగని అన్నిటికీ నియంత్రణనే సాకుగా చూపితే ఊరుకోను. పరికరాల గదిలో కరెంటు పోయి సేవ మొత్తం ఆగిపోయిన రోజు తప్పు పూర్తిగా వీళ్లదే. ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు. వీళ్లిచ్చే రూటరు నాసిరకం, నేను నాది కొనుక్కున్నాను. రాత్రి తొమ్మిది దాటితే ఫోను ఎవరూ ఎత్తరు. సేవ ఆగితే ముందుగా తెలిపే పద్ధతి ఇప్పటికీ కుదరలేదు.

ఇంటి నుంచి పనిచేస్తూ ఒక్క రోజు కూడా ఆగలేనివారు దీనితోపాటు మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోవాలి, లేదా పెద్ద సంస్థతోనే సర్దుకోవాలి. మిగిలినవారికి నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. నేను కొనసాగుతున్నాను. ఏడాది డబ్బు ముందే కడితే తగ్గింపు ఇస్తామన్నారు గానీ, మధ్యలో వీళ్లనూ ఎవరైనా కొనేస్తే ఆ డబ్బు సంగతి ఎవరిని అడగాలో తెలియక, నెలనెలా కట్టే పద్ధతిలోనే ఉండిపోయాను.