చేతి వాపుకు స్లీవా, కట్టా, మర్దనా, పంపా: ఏది మేలు?

రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక చెయ్యి వాచిందంటే సలహాలకు కొదవ ఉండదు. స్లీవ్ (చేతిని నొక్కి ఉంచే బిగుతైన తొడుగు) తొడుక్కోమని ఒకరు, కట్టు కట్టించుకోమని ఇంకొకరు, మర్దనతో పోతుందని మరొకరు, మంచి పంపు కొనుక్కుంటే గొడవే ఉండదని వేరొకరు చెబుతారు. నాలుగింటినీ ఒకే వరుసలో నిలబెట్టి ఏది మేలని అడిగితే మాత్రం జవాబు దొరకదు. ఎందుకంటే వాపును దించేది వేరు, దిగిన వాపును మళ్ళీ పెరగకుండా ఆపేది వేరు. ఈ రెండు పనులనూ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడిపోతుంది.

చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, చేతిలోంచి లింఫ్ ద్రవం వెనక్కి వెళ్ళే దారులు తగ్గిపోతాయి. చంక గ్రంథులను పెద్ద సంఖ్యలో తీసిన వారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ లింఫెడిమా వస్తుంది. సెంటినెల్ గ్రంథులను, అంటే రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను, మాత్రమే తీసిన వారికి ముప్పు చాలా తక్కువ. చికిత్స ముగిసిన నెలల్లోనే రావచ్చు, ఏళ్ళు గడిచాకా రావచ్చు. పేరుకునే ద్రవంలో ప్రొటీన్లు ఉంటాయి కాబట్టి మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్రలు దీనికి మందు కావు. నీరు కొంత పోయినా ప్రొటీన్లు అక్కడే ఉండి మళ్ళీ నీటిని లాక్కుంటాయి.

ఏది ఎంచుకోవాలో ముందు చెయ్యే చెబుతుంది. ముంజేతి మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీయండి. సొట్ట పడుతూ, రాత్రి చెయ్యి ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దునకు వాపు దిగుతూ ఉంటే ఇంకా తొలి దశలోనే ఉన్నట్టు. సొట్ట సరిగా పడక, చర్మం దళసరిగా తగులుతూ, ఎంత ఎత్తులో పెట్టినా వాపు దిగకపోతే లోపల పీచు కణజాలం, కొవ్వు చేరాయన్నమాట. మొదటిదానికి సరిపోయేది రెండోదానికి చాలదు. అయితే ఈ లెక్కలన్నీ డాక్టరు చూసిన తరవాతే. ఉన్నట్టుండి వాచినా, నొప్పి తోడైనా, ముందు రక్తనాళంలో గడ్డ లేదని, క్యాన్సర్ తిరగబెట్టలేదని తేల్చుకోవాలి.

అసలు పోటీ స్లీవ్‌కూ కట్టుకూ మధ్యే. కట్టు అంటే చెయ్యి బెణికినప్పుడు చుట్టే సాగుడు బ్యాండేజీ కాదు. ఇది తక్కువగా సాగే రకం. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దీని ఒత్తిడి స్వల్పం. కండరం కదిలి ఉబ్బినప్పుడు మాత్రం బట్ట సాగదు కనుక ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి లోపలి ద్రవాన్ని పైకి తోస్తుంది. అందుకే దీన్ని రాత్రి కూడా ఉంచుకోవచ్చు. అందుకే కట్టు కట్టుకుని కదలకుండా కూర్చుంటే శ్రమంతా వృథా. కట్టే పద్ధతి కూడా ఓపికతో కూడుకున్నదే. ముందు గొట్టంలాంటి పలచని నూలు తొడుగు, వేళ్ళకు విడివిడిగా సన్నని గాజుగుడ్డ పట్టీలు, వాటి మీద మెత్తటి దూది లేదా ఫోమ్ పొర, ఆపైన వరుసగా బ్యాండేజీలు. బిగువు చేతి పంజా దగ్గర ఎక్కువ, భుజం వైపు పోయేకొద్దీ తక్కువ. ఇది తారుమారైతే పంజా ఉబ్బిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే విప్పేయాలి.

ఇంత శ్రమకూ ఫలితం ఉందా? ఉంది. చెయ్యి లేదా కాలు వాచినవారి మీద జరిగి 2000లో వెలువడిన ఒక పరిశోధనలో, 18 రోజులు కట్టు కట్టి ఆ తరవాత ఒత్తిడి తొడుగు వేసినవారిని, మొదటి నుంచీ తొడుగు మాత్రమే వేసుకున్నవారితో పోల్చి చూశారు. 24 వారాల తరవాత అదనపు వాపు కట్టు కట్టించుకున్నవారిలో 31 శాతం తగ్గితే, తొడుగు ఒక్కటే వాడినవారిలో సుమారు 16 శాతమే తగ్గింది. కాబట్టి వాపు బాగా ఉన్నప్పుడు నా ఓటు కట్టుకే. కానీ జీవితాంతం రోజూ ఒంటి చేత్తో రెండో చేతికి ఇన్ని పొరలు చుట్టుకోవడం ఎవరి తరం? నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్ని వారాలు కట్టించుకుని, దిగాక స్లీవ్‌లోకి మారడమే తీరైన పద్ధతి. ఈ వరుసను తిరగేసి, వాచిన చేతికే కొలత తీసుకుని స్లీవ్ కొంటే, ఆ తరవాత వాపు దిగినప్పుడు అది వదులైపోతుంది. దాంతో మళ్ళీ కొనాలి. వాపు స్వల్పంగా ఉండి, చెయ్యి ఆకారం చెడనివారికి ఈ మొదటి మెట్టు అక్కర్లేదు. నేరుగా స్లీవ్‌తో మొదలుపెట్టవచ్చు.

స్లీవ్‌లోనూ రెండు రకాలు. కుట్టు లేకుండా గుండ్రంగా అల్లినది పలచగా, కంటికి ఇంపుగా, తొడగడానికి తేలికగా ఉంటుంది. కుట్టు ఉండే బల్లపరుపు అల్లికది దళసరిగా, బిరుసుగా ఉంటుంది. దాన్ని చేతి కొలతకే చేస్తారు. మోచేతి దగ్గర మడతలు పడే చెయ్యి, ఆకారం చెడిన చెయ్యి ఉన్నవారు అందం సంగతి పక్కన పెట్టి రెండోదే తీసుకోవాలి, ఎందుకంటే మొదటిది మడతలోకి దిగి తాడులా కోస్తుంది. ఒత్తిడి మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం. ఎంత కావాలో చూసే నిపుణులే నిర్ణయించాలి. పంజా కూడా వాచేవారికి స్లీవ్ ఒక్కటే చాలదు, చేతి తొడుగు కూడా ఉండాలి. లేకపోతే పైనుంచి నొక్కిన ద్రవం అక్కడికే దిగుతుంది.

పొద్దున్నే, చెయ్యి పలచగా ఉన్నప్పుడే తొడగాలి. చర్మానికి క్రీము రాసిన వెంటనే తొడిగితే స్లీవ్ సులువుగా పైకి ఎక్కదు, కాబట్టి క్రీము రాత్రికి ఉంచుకోండి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్ తొడిగే చేతికి వేసుకుంటే బట్ట మీద పట్టు దొరుకుతుంది. పైనుంచి పట్టి లాగకుండా, అరచేత్తో నిమురుతూ కొద్దికొద్దిగా ఎక్కించాలి. పై అంచు పొడవైందని ఎప్పుడూ మడవకూడదు, మడత పడిన చోట ఒత్తిడి రెట్టింపవుతుంది. పడుకునేముందు తీసేయాలి. మార్చి మార్చి వేసుకోవడానికి రెండు ఉండాలి, రోజూ ఉతకాలి, ఇంచుమించు ఆరు నెలలకు మార్చాలి. సాగిపోయిన స్లీవ్ మామూలు బట్టతో సమానం. రాత్రి కూడా ఒత్తిడి అవసరమైనవారికి, కట్టు కట్టుకోలేనివారికి వెల్క్రో పట్టీల తొడుగులు మధ్యేమార్గం. వదులైతే పట్టీ లాగి సర్దుకోవచ్చు. అవి ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

మర్దన దగ్గరికొస్తే నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. 1930లలో డెన్మార్క్‌కు చెందిన వొడర్ దంపతులు రూపొందించిన మెత్తటి లింఫ్ మర్దనకు మంచి పేరుంది. కండరాలు పిసికే మర్దన కాదిది. చర్మం కొద్దిగా జరిగేంత తేలికగా, ముందు మెడ, ఛాతీ భాగాలను ఖాళీ చేసి, ఆ తరవాత చేతిని పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా తీసుకుంటూ ద్రవాన్ని భుజం వైపు నడిపించాలి. చేసుకుంటే బరువు తగ్గినట్టు హాయిగా ఉంటుంది, అది నిజం. కానీ ఒత్తిడి తొడుగు సక్రమంగా వాడుతున్నవారికి దీనివల్ల అదనంగా దిగే వాపు చాలా కొద్ది. మర్దన ఒక్కటే నమ్ముకుని స్లీవ్ మానేస్తే, నెట్టిన ద్రవం సాయంత్రానికి మళ్ళీ దిగివస్తుంది. దీనికి తిరుగులేని చోటు ఒకటుంది. రొమ్ము, ఛాతీ పక్కభాగం, వీపు వాచినప్పుడు స్లీవ్ అక్కడికి చేరదు, అప్పుడు మర్దన బాగా ఆదుకుంటుంది.

పంపు సంగతి క్లుప్తంగా: గాలి గదులున్న తొడుగు వంతులవారీగా ఉబ్బుతూ చేతిని నొక్కుతుంది. కట్టుకోలేనివారికి, చేతులు సహకరించనివారికి ఉపయోగం. గుండె వైఫల్యం, రక్తనాళంలో గడ్డ, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు వాడకూడదు. తీసిన తరవాత స్లీవ్ మళ్ళీ వేసుకోవలసిందే, కాబట్టి స్లీవ్‌కు ఇది బదులు కాదు. ఖర్చుపెట్టే వరుసలో ఆఖరున ఉండాలి.

వీటన్నిటి పక్కన పెట్టి చూస్తే ఎక్కువమంది తక్కువ చేసేది వ్యాయామాన్ని. ఆ చేత్తో బరువు ఎత్తవద్దన్న పాత హెచ్చరిక ఇప్పటికీ ఇళ్ళలో తిరుగుతోంది. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే క్రీడా వైద్యుడు రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 24 మంది మహిళలతో డ్రాగన్ పడవ (చాలామంది కలిసి నడిపే పొడవాటి పడవ) తెడ్లు వేయించారు. భయపడినట్టు వారిలో ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. 2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మందితో చేసిన ప్రయోగం ఇంకా గట్టి సాక్ష్యం. వారానికి రెండుసార్లు క్రమంగా బరువులు పెంచుతూ ఎత్తినవారిలో వాపు పెరగలేదు సరికదా, వాపు ఉధృతమైన సందర్భాలు ఎత్తనివారికన్నా తక్కువ. కిటుకల్లా చాలా తక్కువ బరువుతో, నేర్పేవారి కళ్ళముందు, స్లీవ్ వేసుకుని మొదలుపెట్టి, మెల్లగా పెంచడంలో ఉంది. కండరం కదలడమే లింఫ్‌కు పంపు, అదీ పైసా ఖర్చు లేనిది. బరువు ఎక్కువగా ఉన్నవారు తగ్గితే చెయ్యి కూడా కొంత తగ్గవచ్చు.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిందంటే అది చర్మపు ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు మర్దన, పంపు, కట్టు అన్నీ ఆపి అదే రోజు డాక్టరును కలవాలి, యాంటిబయాటిక్ ఆలస్యం కాకూడదు. ఒక్కసారి వచ్చినా వాపు మరింత పెరిగే ప్రమాదముంది. అందుకే గీరుకున్నా, తెగినా వెంటనే కడిగి మందు రాయడం, చర్మం పగలకుండా చూసుకోవడం ఏ స్లీవ్‌కూ తీసిపోని చికిత్స.

ఇక ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో చెప్పేది టేపు. మణికట్టు నుంచి నాలుగు సెంటీమీటర్లకొక గుర్తు పెట్టుకుని, నెలకోసారి ఒకే వేళకు రెండు చేతులూ కొలిచి రాసుకోండి. కొలత నిలకడగా ఉన్నంతవరకు స్లీవ్‌తోనే సాగండి. వరుసగా రెండు మూడు కొలతలు పెరుగుతూ పోతే మొదట స్లీవ్ పాతబడిందేమో చూడండి. అది బాగానే ఉంటే మళ్ళీ కొన్ని వారాలు కట్టు కట్టించుకోవలసిన సమయం వచ్చిందన్నమాట.